సమాధానపరచిన ఏకాంతవాసి
రాన్ఫ్ట్ లోయలోని నికొలాసు (1417–1487)

ధ్యాన భాగములు: మత్తయి 5:1–12, 1 రాజులు 19:9–18, ఎఫెసీయులకు 2:13–18



పొలము గట్టు మీద మొదలైన తగవు ప్రభువు బల్ల వరకు వచ్చుట మనలో చాలమంది చూచినదే. కాలువ నీటి వంతు, శ్మశానపు హద్దు, కానుకల లెక్క, సంఘ పెద్దగా ఎవరుండవలెనను పోటీ, వీటిలో ఏదో యొకటి చాలును. నిన్నటివరకు ఒకే చాపమీద కూర్చుండి కీర్తనలు పాడినవారు ఒకరి గడప ఒకరు త్రొక్కరు. అట్టి సమయమున తగవు తీర్చగలవాడెవడు? ధనవంతుడా? మాటకారియా? అధికారము చేతనున్నవాడా?

ఈ నెల మనము ధ్యానించు జీవితము ఈ ప్రశ్నకు ఒక జవాబు చెప్పుచున్నది. ఆయన స్విట్జర్లాండు దేశపు రైతు. చదువను వ్రాయను ఎరుగడు. కొండల నడుమ ఒక లోయలో, చిన్న ప్రార్థన మందిరమునకు ఆనించి కట్టిన చెక్కగదిలో దాదాపు ఇరువది సంవత్సరములు ఒంటరిగా జీవించెను. ఆయన పేరు నికొలాసు. స్వదేశస్థులు ఆయనను ప్రేమతో క్లౌస్ సహోదరుడని పిలిచిరి. నేటికిని అట్లే పిలుచుచున్నారు.

రైతు, సైనికుడు, న్యాయాధిపతి

నికొలాసు 1417వ సంవత్సరమున ఉంటర్‌వాల్డెన్ సీమలో, జాక్సెల్న్ గ్రామమునకు పైనున్న ఫ్లూయెలి అను పల్లెలో పుట్టెను. ఆ ప్రాంతమంతయు కొండలు, గడ్డిబీళ్లు, సరస్సులు. పశువుల పెంపకమే అక్కడివారి ముఖ్యమైన బ్రతుకుతెరువు. వారి ఇంటిపేరునకు బండ దగ్గరివారని అర్థము. బీదవారు కారు, భూమి, పశువులు గల మంచి రైతు కుటుంబము.

ఆ కాలములో స్విట్జర్లాండు ఒక రాజు ఏలిన దేశము కాదు. చిన్న చిన్న సీమలు ఒకదానితో నొకటి ఒడంబడిక చేసికొని కలిసియుండెడివి. యుద్ధము వచ్చినప్పుడు రైతులే ఆయుధములు పట్టవలెను. నికొలాసు కూడ తన సీమ పక్షమున యుద్ధములకు వెళ్లెను. సుమారు 1446లో దొరోతెయ అను యువతిని వివాహమాడెను. దేవుడు వారికి ఐదుగురు కుమారులను ఐదుగురు కుమార్తెలను అనుగ్రహించెను. ఆయన కట్టిన చెక్క ఇల్లు ఫ్లూయెలిలో నేటికిని నిలిచియున్నది.

ఊరివారు ఆయనను నమ్మిరి. సీమ సభలో సభ్యునిగాను న్యాయాధిపతిగాను నియమించిరి. సీమకు పెద్దగా నుండుమని కోరినప్పుడు మాత్రము ఆయన ఒప్పుకొనలేదు. పగలెల్ల పొలములోను సభలోను పనిచేసి, ఇంటివారు నిద్రించిన తరువాత లేచి రాత్రులు ప్రార్థించుట ఆయన వాడుక.

ఆయనను గూర్చి చెప్పుకొను కథలలో ఒకటి పశువులుగల మనవారికి సులభముగా బోధపడును. ఒకనాడు ఆయన బీటిలో పశువులను చూచుకొనుచు ప్రార్థించుచుండగా, తన నోటినుండి ఒక తెల్లని పద్మపుష్పము మొలచి ఆకాశమువైపు పెరుగుట దర్శనములో చూచెనట. అంతలో ఆయన ప్రియమైన గుఱ్ఱము ఆ మార్గమున వచ్చెను. ఆయన మనస్సు గుఱ్ఱము వైపు తిరిగెను. పువ్వు వంగెను, గుఱ్ఱము దానిని మేసివేసెను. మోకాళ్లూని ప్రార్థించునప్పుడు దొడ్డిలోని ఎద్దు మీదికి మనస్సు పోవుట ఎరుగనివారు మనలో నెవరున్నారు? ఆ కథ ఆయనకు జరిగినదైనను, జనులు ఆయన నోట విని పెంచినదైనను, ఆయన హృదయములోని పోరాటమును చక్కగా చూపుచున్నది.

న్యాయాధిపతిగా నుండినప్పుడు ఒక అన్యాయపు తీర్పును ఆయన ఆపలేకపోయెననియు, తోటి న్యాయాధిపతుల నోళ్లనుండి అగ్ని జ్వాలలు వచ్చుచున్నట్లు చూచెననియు మరియొక కథ కలదు. పదవులన్నిటిని ఆయన విడిచిపెట్టెననుట మాత్రము చరిత్ర.

దొరోతెయ ఒప్పుకొనుట

తరువాత రెండు సంవత్సరములు నికొలాసు మనస్సు నలిగిపోయెను. దేవుడు తన్ను ఏకాంతమునకు పిలుచుచున్నాడని ఆయన తలంచెను. అయితే ఇంటిలో భార్య, పది మంది పిల్లలు. హైమో ఆమ్‌గ్రుండ్ అను స్నేహితుడైన గురువు క్రీస్తు శ్రమలను దినమంతయు భాగములుగా ధ్యానించుట ఆయనకు నేర్పెను. కొంత శాంతి కలిగెనుగాని ఆ పిలుపు ఆగలేదు. భార్య సమ్మతి లేనిదే కదలుటకు ఆయనకు ఇష్టము లేదు. ఆమెతో పలుమారులు మాటలాడెను. కడకు ఆమె సమ్మతించెను.

1467వ సంవత్సరము అక్టోబరు 16వ తేదీన, ఏబది యేండ్ల వయస్సున, నికొలాసు యాత్రికుని అంగీ ధరించి, వట్టి కాళ్లతో, టోపీ లేక ఇల్లు విడిచెను. కడగొట్టు బిడ్డ ఇంకను చంటిపిల్ల. పెద్ద కుమారులు సేద్యము చూచుకొనగల వయస్సు వచ్చినవారు. ఆయన ధరించిన అంగీని దొరోతెయ తన చేతులతో నేసెనని అక్కడివారు చెప్పుకొందురు.

ఇక్కడ మనము కొంచెము నిలిచి ఆలోచింపవలెను. దైవ సేవకొరకు భార్యను బిడ్డలను విడువవలెనని వాక్యము మనకు నేర్పుట లేదు. పౌలు తిమోతికి వ్రాసిన మొదటి పత్రిక ఐదవ అధ్యాయములో స్వంత ఇంటివారిని విచారించుకొననివానిని గూర్చి ఎంతో కఠినముగా వ్రాసెను. కనుక ఈ కార్యములో నికొలాసును అనుసరించుడని నేను చెప్పను. మన సంఘములలో ఎవరైనను ఈ చరిత్రను సాకుగా చేసికొని ఇంటి బాధ్యత తప్పించుకొందురేమో, అట్లు కాకూడదు. ఆయన అప్పులపాలైన ఇంటిని విడిచి పారిపోయినవాడు కాడు. ఇంటిని చక్కబెట్టి, భార్య సమ్మతి పొంది వెళ్లినవాడు. అయినను భారమంతయు ఒక స్త్రీ భుజములమీద పడెను. చరిత్రలో నికొలాసు పేరు పెద్ద అక్షరములతో వ్రాసిరి. పది మంది బిడ్డలను పెంచి పొలమును నిలబెట్టిన దొరోతెయ పేరు చాలకాలము చిన్న అక్షరములలోనే యుండెను. ప్రభువు గ్రంథములో అట్లుండదని మనము నమ్ముచున్నాము.

ఇంటి చెంతనే అరణ్యము

నికొలాసు దూరదేశమునకు పోవలెనని బాసెల్ పట్టణము దిక్కుగా నడిచెను. లీస్టాల్ అను ఊరి దగ్గరకు రాగా, ఆ ఊరంతయు మంటలలో నున్నట్లు ఎఱ్ఱగా ఆయనకు కనబడెనట. ప్రక్క పల్లెలో ఒక రైతును కలిసికొని తన ఉద్దేశము చెప్పగా, ఆ రైతు, పరాయి దేశములో స్విట్జర్లాండువారు ఇష్టులు కారనియు, స్వజనులయొద్దకే తిరిగి పోయి అక్కడనే దేవుని సేవింపుమనియు బుద్ధి చెప్పెను. దేవుని చిత్తమును తెలిసికొనుటకు బయలుదేరినవానికి ఒక అనామకుడైన రైతు నోట జవాబు దొరికెను. నికొలాసు ఆ రాత్రి పొలములోనే పండుకొని, తెల్లవారిన తరువాత వెనుకకు తిరిగెను.

మొదట ఎగువనున్న కొండ బీళ్లలో దాగెను. వేటకాండ్రు ఆయనను కనుగొనిరి. తరువాత తన ఇంటికి కొద్ది నిమిషముల నడకలోనున్న రాన్ఫ్ట్ అను లోయలోనికి దిగెను. ఇరువైపుల నిటారైన కొండచరియలు, అడుగున మెల్కా అను వాగు. పైన ఆయన పొలము, ఆయన ఇల్లు. క్రింద ఆయన ఏకాంతము. ఇల్లు విడిచి దూరముగా పోగోరినవానిని ప్రభువు ఇంటి చెంతకే తెచ్చెను. మనలో కొందరు ఈ ఊరు మంచిది కాదు, ఈ సంఘము మంచిది కాదు, వేరొక చోట నైతే దేవుని బాగుగా సేవింతుమని తలంచెదము. లీస్టాల్ దగ్గరి రైతు మాట మనకును చెవిని పడవలెను.

ఒబ్‌వాల్డెన్ ప్రజలు ఆయనమీది ప్రేమచేత 1468లో తామే కలప తెచ్చి ఆయనకొక గదియు, దానికి ఆనించి ఒక చిన్న మందిరమును కట్టిరి. కాన్‌స్టాన్స్ బిషప్పుగారి సహాయకుడు 1469 ఏప్రిలులో వచ్చి దానిని ప్రతిష్ఠించెను. ఆ మందిరము తరువాతి కాలములో తిరిగి కట్టబడినను, చెక్కగది నేటికిని దానిని అంటియే యున్నది. గది ఎత్తు చాల తక్కువ. పొడవరియైన నికొలాసు తల వంచక దానిలో నిలువలేడు. తలగడగా రాతినో మొద్దునో పెట్టుకొనెడివాడని చెప్పుదురు.

ఆ గదికి రెండు చిన్న కిటికీలు. ఒకటి మందిరములోని బల్లవైపు తెరచుకొనును. రెండవది బయటి లోకమువైపు. దానిగుండ ఆయన వచ్చినవారితో మాటలాడెను. ఈ రెండు కిటికీలను మీరు జ్ఞాపకముంచుకొనుడి.

ఉపవాసమును గూర్చి

ఈ ఏకాంతవాసి ఇరువది యేండ్లు ప్రభురాత్రి భోజనము తప్ప అన్నపానములు పుచ్చుకొనలేదని ఆ కాలమువారు నమ్మిరి. సీమ అధికారులు సంశయించి, ఎవరును రహస్యముగా ఆహారము తెచ్చుట లేదని చూచుటకు లోయ చుట్టు కావలివారినుంచిరి. వచ్చిన సహాయ బిషప్పు ఆయన విధేయతను పరీక్షించుటకై రొట్టె తిని ద్రాక్షారసము త్రాగుమని ఆజ్ఞాపించెను. నికొలాసు ఎదురు చెప్పక, ఎంతో కష్టముమీద వాటిని మ్రింగెను.

దీనిని గూర్చి మనము వాదింపవలసిన పని లేదు. మన రక్షణ ఉపవాసమువలన కాదు, కృపవలననే. అయినను ఒక సంగతి గమనింపదగినది. నేను తినుట లేదని నికొలాసు ఎన్నడును చెప్పుకొనలేదు. అడిగినవారితో, అది దేవునికి తెలియునని మాత్రమే చెప్పి మాట మరల్చెడివాడు. ఒక పూట ఉపవాసముండి పదిమందికి చెప్పుకొను మనకు ఆ మౌనము సిగ్గు కలిగించును. ఆ గొప్ప ఉపవాసముకంటె, చెప్పిన వెంటనే రొట్టె తిన్న ఆ విధేయతయే నాకు గొప్పదిగా తోచుచున్నది.

సందర్శకులు లోయకు రాసాగిరి. 1474లో జర్మనీ దేశపు హాలె పట్టణమునుండి హాన్స్ ఫాన్ వాల్ట్‌హైమ్ అను పెద్దమనుష్యుడు వచ్చి, దొరోతెయను చిన్న కుమారుని కూడ చూచి, తాను చూచినదంతయు వ్రాసి పెట్టెను. నికొలాసు సంతోషముగా, స్నేహభావముతో మాటలాడెనని ఆయన సాక్ష్యము. సన్న్యాసి యనగా ముఖము ముడుచుకొని యుండునని తలంచువారు దీనిని వినవలెను. రైతులు, విధవరాండ్రు, గురువులు, పట్టణపు అధికారులు, మిలాను ప్రభువు దూత సహితము ఆ చిన్న కిటికీ యొద్దకు వచ్చిరి.

1481 డిసెంబరు

ఇప్పుడు ఆయన జీవితములోని ముఖ్య ఘట్టమునకు వచ్చుచున్నాము.

1476, 1477 సంవత్సరములలో స్విట్జర్లాండు సీమలు కలిసి బర్గండీ ప్రభువైన చార్లెసును మూడు యుద్ధములలో ఓడించెను. మూడవ యుద్ధమున చార్లెసు మరణించెను. లెక్కకు మించిన కొల్లసొమ్ము దొరికెను. శత్రువు విడువలేని ఐక్యతను సొమ్ము విడదీసెను. పంపకములో తగవు పుట్టెను. 1477లో పల్లె సీమల యువకులు గుంపుగా ఆయుధములు పట్టి, తమకు రావలసిన సొమ్మని జెనీవా పట్టణముమీదికి బయలుదేరిరి. పట్టణ సీమలైన జూరిక్, బెర్న్, లూసెర్న్ భయపడి, ఫ్రైబూర్గు, సోలోథుర్న్ అను మరి రెండు పట్టణములతో వేరుగా ఒడంబడిక చేసికొనెను. ఈ రెండు పట్టణములను చేర్చుకొనినయెడల పట్టణములదే పైచేయి యగునని ఊరి, ష్విట్జ్, ఉంటర్‌వాల్డెన్ మొదలగు పల్లె సీమలు ఒప్పుకొనలేదు. నాలుగేండ్లు సభలమీద సభలు జరిగెను. తగవు తీరలేదు.

1481 డిసెంబరులో స్టాన్స్ అను ఊరిలో ప్రతినిధులు కడసారి కూడిరి. అక్కడను మాటలు తెగిపోయెను. ప్రతినిధులు భోజనము చేసి ఎవరి ఊరికి వారు పోవుటకు సిద్ధపడుచుండిరి. వారు అట్లు వెళ్లియుండినయెడల తరువాతది అన్నదమ్ముల యుద్ధమే.

ఆ రాత్రి స్టాన్స్ గురువు, నికొలాసు పాత స్నేహితుడైన హైమో ఆమ్‌గ్రుండ్, చలిలో కొండదారి పట్టి రాన్ఫ్ట్ లోయకు నడిచెను. నికొలాసుతో మాటలాడెను. మరునాడు డిసెంబరు 22న చెమటలు కారుచుండగా పరుగున తిరిగి వచ్చి, ప్రతినిధులు దిగియున్న సత్రములకు ఒక్కొక్కదానికి పోయి, కన్నీళ్లతో బ్రతిమాలి వారిని మరల కూర్చుండబెట్టెను. నికొలాసు చెప్పి పంపిన మాటలను వారికి వినిపించెను. ఆ మాటలేవో ఎవరును వ్రాసి పెట్టలేదు. అయితే ఒక గంటలో, నాలుగేండ్ల తగవు తీరెను.

ఆ దినమున వ్రాసిన ఒప్పందములో, ఒక సీమ మరియొక సీమమీద బలాత్కారము చేయకూడదని యుండెను. కొల్లసొమ్మును యుద్ధమునకు వచ్చిన మనుష్యుల లెక్కచొప్పునను, జయించిన భూములను సీమల లెక్కచొప్పున సమానముగాను పంచుకొనవలెనని నిర్ణయించిరి. మొదటిది ఎక్కువ మందిని పంపిన పెద్ద సీమలకు తృప్తి. రెండవది చిన్న సీమలకు తృప్తి. ఫ్రైబూర్గు, సోలోథుర్న్ పట్టణములను కొన్ని షరతులతో చేర్చుకొనిరి. ప్రతి పక్షము కొంత వదలుకొనెను. ఊరూర గంటలు మ్రోగెను.

నికొలాసు ఆ సభకు రాలేదు. లోయ విడిచి కదలలేదు. తనకేదియు అడుగలేదు. మరుసటి సంవత్సరము డిసెంబరులో బెర్న్ పట్టణ సభవారు మందిరమునకు కానుక పంపగా, వ్రాయ నెరుగని ఆయన మరియొకరిచేత ఒక ఉత్తరము వ్రాయించెను. సమాధానమునకు మూలము దేవుడేననియు, విధవరాండ్రను దిక్కులేని పిల్లలను కాపాడవలెననియు, క్రీస్తు శ్రమలను హృదయములో మోయవలెననియు ఆ ఉత్తరపు సారాంశము.

మరణము, తరువాతి జ్ఞాపకము

1487 మార్చి 21న, కొన్ని దినములు తీవ్రమైన బాధ ననుభవించి, డెబ్బది యేండ్ల వయస్సున నికొలాసు తన గదిలోనే కన్నుమూసెను. జాక్సెల్న్ గ్రామపు దేవాలయములో ఆయనను సమాధి చేసిరి. కుమారులలో ఇద్దరు, హాన్సును వాల్టరును, తండ్రి వద్దన్న సీమ పెద్ద పదవిని వహించిరి. నికొలాసు అను కడపటి కుమారుడు బాసెల్‌లో చదివి, జాక్సెల్న్‌లో గురువాయెను. దొరోతెయ పెంపకము వ్యర్థము కాలేదు.

కొన్ని యేండ్లకు సంఘ దిద్దుబాటు వచ్చెను. స్విట్జర్లాండు సీమలు మతము విషయమై రెండుగా చీలెను. చిత్రమేమనగా ఈ ఏకాంతవాసిని ఇరుపక్షములవారును గౌరవించిరి. జూరిక్ సంస్కర్తయైన జ్వింగ్లీ, స్వదేశస్థులు కూలికి పరదేశ సైన్యములలో చేరుటను 1522లో ఖండించుచు, క్లౌస్ సహోదరుని బుద్ధిమాటలను వారికి జ్ఞాపకము చేసెను. మార్టిన్ లూథరు 1528లో ఆయన దర్శనమును గూర్చి ఒక చిన్న పత్రికను ప్రచురించెను. రోమను కతోలిక సంఘము 1947లో ఆయనను పరిశుద్ధునిగా ప్రకటించెను. మనము పరిశుద్ధులకు ప్రార్థనలు చేయువారము కాము. మధ్యవర్తి ఒక్కడే, ఆయన క్రీస్తు. అయినను దేవుడు ఎవరిచేత సమాధానము కలుగజేసెనో వారిని గౌరవముతో తలంచుకొనుట మనకు తగును.

మనకు పాఠము

ప్రియులారా, నా తప్పు ఒకటి మీయెదుట ఒప్పుకొందును. నా పరిచర్య తొలి దినములలో ఒక సంఘమందు రెండు కుటుంబముల నడుమ శ్మశానపు హద్దు విషయమై తగవు వచ్చెను. సెమినరీనుండి క్రొత్తగా వచ్చిన నేను, సమాధానమును గూర్చిన వాక్యములన్నియు గుర్తుపెట్టుకొని బయలుదేరితిని. దారిలో మొదటి ఇంటివారు పిలువగా వారియింట భోజనము చేసి, తరువాత రెండవ ఇంటికి పోతిని. వారు పీట వేసిరి, ప్రసంగమంతయు ఓర్పుతో వినిరి. మంచినీళ్లు మాత్రము ఇయ్యలేదు. నా చేతికి ఇంకను అవతలి ఇంటి పులుసు వాసన వచ్చుచుండెను. ఆ తగవు మరి రెండేండ్లు సాగెను. నేను చెప్పిన వాక్యములలో తప్పు లేదు. నాకు బయటి కిటికీ ఒకటే యుండెను; బల్లవైపు కిటికీ ఆ దినమున తెరువనేలేదు.

స్టాన్స్‌లో నికొలాసు మాట ఎందుకు చెల్లెను? ఆ కొల్లసొమ్ములో ఆయనకు వంతు లేదు. ఆయన పల్లె సీమవాడైనను పట్టణములవారు ఆయనను నమ్మిరి. ఆయన ఎవరి భోజనము తినలేదు, ఎవరి పదవి కోరలేదు. పదునాలుగేండ్లు మొదటి కిటికీ యొద్ద దేవునితో గడిపినవాడు రెండవ కిటికీగుండ చెప్పిన మాట అది. ఏలీయా కూడ కొండ గుహలో ఏకాంతముగా నుండినప్పుడే దేవుని మెల్లని స్వరమును వినెను. విన్న తరువాత జనుల మధ్యకు తిరిగి పంపబడెను.

మనము లోయలకు పోనక్కరలేదు. ఇంటిలో ఒక మూల, తెల్లవారుజామున ఒక ఘడియ చాలును. తగవు తీర్చుటకు వెళ్లువారు మొదట తమ వంతు వదలుకొని వెళ్లుడి. ఆమ్‌గ్రుండ్ వలె రాత్రి నడిచి, ఇంటింటికి పోయి బ్రతిమాలువారు కూడ సంఘమునకు కావలెను. ఆ పరుగు లేనిదే లోయలోని మాట ఎవరికిని వినబడకపోవును. దొరోతెయ వలె మరుగున భారము మోయు తల్లులను సంఘము గుర్తించి ఆదుకొనవలెను.

ఎఫెసీ పత్రికలో అపొస్తలుడు చూపునట్లు, నడుమనున్న గోడను పడగొట్టినవాడు క్రీస్తే. ఆ పని ఆయన తన రక్తముతో చేసెను. మనము చేయవలసినది ఆ గోడను మరల కట్టకుండుటయే. ఈ నెలలో ప్రభువు బల్లను సమీపించుటకు ముందు, మీరెవరి గడప త్రొక్కుట మానితిరో వారి పేరు చెప్పి ప్రార్థించుడి. తరువాత లేచి వారియింటికి వెళ్లుడి.

ప్రార్థన: సమాధానకర్తవగు ప్రభువా, మా వంతు కొరకు మేము పట్టుకొనిన పట్టును సడలింపుము. మొదట నీ సన్నిధికిని, పిమ్మట మా పొరుగువాని యింటికిని మమ్మును నడిపింపుము. మరుగున భారము మోయు తల్లులను బలపరచుము. యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.